దక్షిణాది పన్నుల సొమ్ము ఉత్తరాదికి ఎందుకు పోవాలి?

కృష్ణాతీరం:
కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో సూచించేది ఆర్థిక సంఘం. 2021-26కు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన వాటాలు చూడండి. కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల్లో ఉత్తరప్రదేశ్, బీహార్ రెండింటికే 28 శాతం. దక్షిణాది రాష్ట్రాలు ఐదూ కలిపినా 16 శాతం రాలేదు. కర్ణాటక వాటా అంతకుముందు సంఘం ఇచ్చిన 4.71 శాతం నుంచి 3.65కి పడిపోయింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్లి ధర్నా చేశారు. మనవాళ్లు నోరెత్తరేం? కష్టపడి ఎదగడం తప్పా?

వంశధార:
అన్నా, మాది శ్రీకాకుళం జిల్లా. మా ఊళ్లో పనిచేయగల మగవాళ్లు చాలామంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. మీ మాటే న్యాయమైతే విశాఖ పన్ను విశాఖలోనే ఉండిపోవాలి. మా ఆసుపత్రిలో డాక్టరుకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సంఘం వాటాల లెక్కలో 45 శాతం బరువు ఆదాయంలో వెనకబాటుకే ఇచ్చింది. బీహార్ తలసరి ఆదాయం దేశ సగటులో మూడోవంతు దగ్గర ఉంది. డబ్బు అటు వెళ్లక ఎటు వెళ్తుంది?

లెక్కల_మాస్టారు:
ఏ రాష్ట్రం ఎంత కట్టిందన్న లెక్కే నమ్మదగ్గది కాదు. కంపెనీల ఆదాయపు పన్ను హెడ్డాఫీసు ఉన్నచోట జమవుతుంది. బీహార్ పల్లెలో అమ్ముడైన సబ్బు మీద లాభానికి పన్ను ముంబై ఖాతాలో పడుతుంది.

కృష్ణాతీరం:
మాస్టారూ, ఎవరెంత కట్టారో నేను అనలేదు. వాటాల గురించి అడిగాను.

లెక్కల_మాస్టారు:
కష్టపడి ఎదగడం అన్నారుగా, ఆ మాట వెనక ఉన్నది ఈ లెక్కే. హెడ్డాఫీసు సంగతి తేలకుండా ముందుకెళ్లలేం.

సీమ_రైతు:
ఢిల్లీ తర్వాత. రాష్ట్రానికి వచ్చినదాంట్లో సీమకు ఎంత ఇచ్చారో ముందు చెప్పండి.

వంశధార:
ఎదగడం మన కష్టమేనంటే నేను ఒప్పుకోను. 1950ల నుంచి 1990ల మొదటి దాకా రవాణా ఛార్జీల సమీకరణ అని ఒక విధానం నడిచింది. జంషెడ్‌పూర్ ఉక్కు అక్కడ ఏ ధరో, వేల కిలోమీటర్ల అవతల సముద్రపు ఒడ్డునా అదే ధర. గని పక్కనే ఫ్యాక్టరీ పెట్టాల్సిన అవసరం పోయింది. బీహార్, ఒడిశా నేల తవ్వుకుని మిగతావాళ్లు పరిశ్రమలు పెట్టుకున్నారు. 2000లో జార్ఖండ్ విడిపోయాక బీహార్‌కు ఆ గనులూ లేవు. 2020 మే 1న వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. హైదరాబాద్ భవనాలు కట్టినవాళ్లు ఎవరో అప్పుడు తెలియలేదా?

గోదారి_గట్టు:
కేంద్రం పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలకు పంచక్కర్లేదు. పెట్రోలు మీద కేంద్ర సుంకంలో ఎక్కువ భాగం ఇలాంటి సెస్సులు, సర్‌ఛార్జీలే. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

కృష్ణాతీరం:
వంశధారా, కూలీల మీద నాకు కోపం లేదు. నేను ఇంటికి పెద్దవాణ్ణి. ఎమర్జెన్సీ తర్వాతి రోజులు. ఊళ్లో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టారు. దేశానికి మంచిదన్నారు, మా నాన్న ఆపరేషన్ చేయించుకున్నారు. బంధువులు ఏళ్లపాటు ఎగతాళి చేశారు. మేమిద్దరమే. ఇప్పుడు జనం తగ్గారు కాబట్టి వాటా తగ్గిస్తాం, రేపు ఎంపీలనూ తగ్గిస్తాం అంటున్నారు. మాట విన్నందుకు శిక్షా?

వంశధార:
మా అమ్మకు మేం నలుగురం. దగ్గర్లో ఆసుపత్రి లేదు, అమ్మ బడి ముఖం చూడలేదు. అది ఆమె తప్పా? ఆడపిల్లలు చదువుకున్న చోటల్లా కాన్పులు తగ్గాయి. ఆ చదువు అందనివాళ్లకు వాటా కోస్తారా? పైగా జనాభా అదుపు చేసినందుకు ఆ సంఘమే 12.5 శాతం బరువు ఇచ్చింది, అది చెప్పరేం?

కృష్ణాతీరం:
12.5 నా మొహాన పడేస్తే సరిపోతుందా? అంతకుముందు 1971 జనాభాతో లెక్క కట్టేవాళ్లు, దాన్ని పూర్తిగా వదిలేసి 2011కు మారింది కూడా ఆ సంఘమే. డబ్బు పోతే పోనీ, మళ్లీ సంపాదించుకుంటాం. లోక్‌సభలో మన గొంతు పోతే తిరిగి రాదు. 1976లో 1971 జనాభా లెక్కల మీద ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లో మారకుండా ఆపారు, 2001లో ఆ గడువు పొడిగించారు. 2026 తర్వాతి జనగణనతో అది పోతుంది.

వంశధార:
ఇప్పుడు అసలు మాట అన్నారు. అయితే సూటిగా చెప్పండి. పాట్నా కూలీ ఓటు విలువ విజయవాడ వ్యాపారి ఓటు కన్నా ఎందుకు తక్కువ ఉండాలి?

కృష్ణాతీరం:
ఓటు మనిషిదే. కానీ రాష్ట్రానికీ ఒక మాట ఉండాలి. జనాభాతో పనిలేకుండా పెద్దల సభలో అన్ని రాష్ట్రాలకూ సమానంగా సీట్లిస్తామంటే లోక్‌సభ సంగతి మాట్లాడదాం. మన రాజ్యసభలో అలా లేదు.

లెక్కల_మాస్టారు:
అప్పుడు సిక్కిం, ఉత్తరప్రదేశ్ ఒకటవుతాయి. దానికి ఎవరు ఒప్పుకుంటారు?

వంశధార:
నేను ఒప్పుకుంటాను. వాటా మాత్రం పేదవాడికే ఎక్కువ పోవాలి.

కృష్ణాతీరం:
ముందు రాజ్యాంగంలో రాయమనండి, వాటా సంగతి తర్వాత చూద్దాం.

సీమ_రైతు:
సీమ లెక్క ఇంకా ఎవరూ చెప్పలేదు.