పెరుగన్నం తింటే పిల్లికి గుండె జబ్బు వస్తుందా?

పానగల్లు పిల్లి: మా పిల్లి చంటికి ఐదేళ్లు. గడప దాటదు. రెండు పూటలా పెరుగన్నం, ఆదివారం మాత్రం నాలుగు ఉడికించిన కోడి ముక్కలు. వారంగా ఆయాసపడుతుంటే చూపించాం. గుండె పెద్దదై గోడలు పలచబడ్డాయని చెప్పి, డాక్టరు గారు మొదట అడిగింది తిండి గురించే. అమ్మమ్మకు కోపం వచ్చింది. "దేవరకొండలో మన పిల్లులన్నీ మజ్జిగన్నంతోనే బతికాయి" అంటుంది. ఎవరి మాట నిజం?

మిర్యాలగూడ మిల్లు: అమ్మమ్మ గారు చూసింది నిజమే, కానీ సగమే చూశారు. మా వడ్ల మిల్లులో నాలుగు పిల్లులున్నాయి. పొద్దున పెరుగన్నం గిన్నె నాకుతాయి, రాత్రి బస్తాల సందున ఎలుకను పట్టి తోకతో సహా మింగుతాయి. వాటిని నిలబెట్టేది ఆ ఎలుకే. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు, పైగా పిత్తరసం కోసం రోజూ ఖర్చు చేస్తుంది. అది మాంసంలో, చేపలో దొరుకుతుంది. అన్నంలో ఉండదు, పాలలో ఉన్నది చాలదు. కొరత పడితే గుండె కండరం సాగి నీరసిస్తుంది, కంటిచూపు కూడా పోవచ్చు.

జడ్చర్ల మాస్టారు: ఇదంతా పిల్లి తిండి అమ్మే కంపెనీల ప్రచారం. మా పిల్లి పుట్టినప్పటి నుంచి కంపెనీ తిండే తిన్నది. ఒక తెల్లవారుజామున అరుస్తూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. పాదాలు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. గుండెలో గడ్డకట్టిన రక్తం కాళ్లకు వెళ్లే నాళంలో అడ్డుపడిందన్నారు. సాయంత్రానికి పోయింది. దానికి ఏ టారిన్ తక్కువైంది?

మిర్యాలగూడ మిల్లు: చదువుతుంటేనే మనసు పాడైంది, మాస్టారు గారూ. గుండె గోడలు మందమయ్యాయన్నారా, పలచబడ్డాయన్నారా?

జడ్చర్ల మాస్టారు: మందమన్నారు.

మిర్యాలగూడ మిల్లు: అయితే అది వేరే జబ్బు. ఇప్పుడు పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది అదే. కొన్ని జాతుల్లో వంశంలోనే వస్తుంది. మెయిన్ కూన్ జాతిలో దానికి కారణమైన జన్యులోపాన్ని 2005లో గుర్తించారు. మీరు పెట్టిన తిండిది తప్పని అనలేం. అయినా మీ అనుమానాన్ని కొట్టిపారేయను. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో పాల్ పయన్ బృందం టారిన్ కొరతకూ గుండె సాగడానికీ ఉన్న లంకెను బయటపెట్టినప్పుడు, ఆ పిల్లులు తిన్నది కంపెనీ తిండే! టారిన్ ఇస్తే గుండెలు కోలుకున్నాయి. కంపెనీలు మోతాదు పెంచింది ఆ తర్వాతే.

జడ్చర్ల మాస్టారు: చూశారా, చివరికి నా మాటకే వచ్చారు.

పానగల్లు పిల్లి: నేను కోడి ఉడికించిన నీళ్లు పారబోస్తున్నాను...

మిర్యాలగూడ మిల్లు: అయ్యో, టారిన్ చాలా వరకు ఆ నీళ్లలోకే దిగుతుందమ్మా. ఉల్లి, వెల్లుల్లి తగలకముందే తీసి ఆ నీళ్లూ పెట్టండి. అయితే ఇప్పుడు దానితో సరిపెట్టవద్దు. డాక్టరు గారు చెప్పిన మోతాదులో టారిన్, గుండె మందులు తప్పవు. ఉత్త మాంసమే పెట్టినా కాల్షియం చాలదు, అదీ అడగండి.

పానగల్లు పిల్లి: ఇదంతా అమ్మమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "గాదె కింద ఎలుకలు ఉండేవిలే" అంది. రాత్రి చంటి గిన్నెలో చేప ముక్క కనిపించింది. ముళ్లన్నీ తీసి ఉన్నాయి.