చెరువులో దెయ్యం చేపలు పడ్డాయి, రిస్క్ ఎంతో ఎలా తెలుస్తుంది?

కైకలూరు_చెరువు: నిన్న వల లాగితే రెండు దెయ్యం చేపలు పడ్డాయండి, ఒళ్ళంతా పెంకు, వల రెండు చోట్ల చిరిగింది. వచ్చే నెల బొచ్చె, శీలావతి పిల్లలు వెయ్యాలి. రెండే కదా అని ఊరుకోవచ్చా, చెరువు ఎండగట్టాలా? రిస్క్ అంచనా వేసే పద్ధతేమైనా ఉందా?

వలరాజు: రెండు పడితే లోపల రెండే ఉన్నట్టు కాదు. నాలుగేళ్ళ కింద మాకు మూడు పడ్డాయి, పట్టించుకోలా. గట్టు నిండా బొరియలు పెట్టేశాయి, వానలకి గట్టు జారి సగం చేప కాలవ పాలైంది. ఇప్పటికీ కడుపు మండుతుంది.

ట్యాంకు_శీను: సక్కర్ చేపని దెయ్యం అనకండి. నా దగ్గర ఆరేళ్ళుగా ఉంది, పాచి తింటది, దేన్నీ కరవదు.

వలరాజు: అమెజాన్ చేప ఇక్కడికొచ్చిందే మీ అక్వేరియంల వల్ల! పెరిగి ట్యాంకు చాలకపోతే కాలవలో వదులుతున్నారు.

ట్యాంకు_శీను: నేను ఒక్కటీ వదల్లేదు. అందర్నీ ఒకే గాటన కట్టొద్దు.

ఫిషరీస్_ఎమ్మెస్సీ: పదేళ్ళుగా నా పని ఇదే, వినండి. ఏఎస్-ఐఎస్‌కే అని, బయటి నుంచి వచ్చిన నీటి జీవితో ఎంత ముప్పో అంచనా వేసే 55 ప్రశ్నల పట్టిక ఉంది. వేరే దేశాల్లో పాతుకుపోయిందా, మన వాతావరణం దానికి సరిపోతుందా, ఇలాంటివి. దీనికి చాలావాటికి జవాబు అవుననే. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయినా పైకొచ్చి గాలి మింగుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు నీళ్ళలో దీని డీఎన్ఏ వెతికితే తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరుల్లో దొరికింది.

గోదారి_గట్టు: పట్టికలుండి ఏం లాభమండీ, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని 2000లోనే నిషేధించారు, మా సంతలో ఇంకా మార్పు చేప అని అమ్ముతున్నారు. నాటు మార్పు పులుసు తిని ఎన్నేళ్ళయిందో.

వలరాజు: మూడు నాలుగు కిలోలు తూగితే అది నాటు మార్పు కాదు, కొనకండి.

గోదారి_గట్టు: ముక్కలు కోసి పెడితే ఎలా తెలుస్తుంది?

కైకలూరు_చెరువు: అయ్యా, నా చెరువు సంగతి చెప్పండి.

ఫిషరీస్_ఎమ్మెస్సీ: ఎండగట్టండి. బొరియలు తవ్వి పూడ్చి, నీళ్ళు పెట్టేటప్పుడు తూముకి సన్న వల కట్టండి. పట్టినవాటిని చంపి గోతిలో పూడ్చాలి, నీళ్ళు లేకపోయినా గంటల తరబడి బతుకుతాయి.

కైకలూరు_చెరువు: నిన్న గట్టు మీద పడేసి వెళ్ళానండి. పొద్దున చూస్తే ఒకటే ఉంది. కుక్క ఎత్తుకుపోయిందో, పక్క కాలవలోకి జారిందో. ఇప్పుడే వల తీసుకుని పోతున్నా.