1943 పార్కర్ 51 అని అమ్ముతున్నారు, నిజమేనా?

ఎంవీపీ_పాళీ:
ఆన్‌లైన్‌లో ఒక పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను ఉంది. "1943 నాటిది, అమెరికా తయారీ, 14 క్యారెట్ పాళీ" అంటున్నారు. ధర 9,000. బ్యారెల్ విప్పిన ఫోటోలో రేకు తొడుగు, దాని మీద నొక్కే పట్టీ కనిపిస్తున్నాయి. బ్యారెల్ చివర గుండ్రంగా మూసేసి ఉంది. తీసుకోవచ్చా? వైజాగ్‌లో పాళీ బంగారమో కాదో ఎక్కడ చూస్తారు?

సిరాబుడ్డి:
1943 మాత్రం కాదండీ. ఆ ఏడాది అమెరికాలో చేసిన 51లు వాక్యూమాటిక్ రకం. బ్యారెల్ చివర చిన్న మూత ఉంటుంది, అది తిప్పి తీస్తే నొక్కే మీట కనిపిస్తుంది. మీరు చెప్పిన పట్టీ ఏరోమెట్రిక్ అనే తర్వాతి రకానిది, అది 1948లో వచ్చింది. అంటే తర్వాతి కాలపు అసలు పెన్నుకు తయారీ సంవత్సరాన్ని వెనక్కి జరిపి చెబుతున్నారు, లేదా అది నకలు.

తేల్చుకోవాలంటే ఆ తొడుగును దగ్గరగా, పక్క వెలుతురులో ఫోటో తీసి పంపమనండి. అసలుదానికి పార్కర్ పేరు, సిరా నింపే పద్ధతి రేకులోకి అచ్చు గుద్ది ఉంటాయి. పైన ముద్రించినట్టుంటే వదిలేయండి.

చివర మూత ఉన్నంత మాత్రాన కూడా నమ్మొద్దు. వింగ్ సంగ్ 601 అదే పద్ధతిలో నింపే చైనా పెన్ను, కాకపోతే దానిది స్టీలు పాళీ. నిజంగా 1943ది అయితే బ్యారెల్ మీద అచ్చులో 3 అంకె ఉండాలి. గట్టిగా పాలిష్ పట్టిస్తే ఆ అచ్చు అరిగిపోతుంది. అందుకే పాత బ్యారెల్ అద్దంలా మెరుస్తూ అక్షరాలు లేకపోతే ధర తగ్గాల్సిందే.

డాబాగార్డెన్స్_ఇంకు:
పాళీ సంగతి. అయస్కాంతం అంటుకుంటే బంగారం కాదు. అంటుకోకపోయినా బంగారమని కాదు, కొన్ని స్టీళ్లు అంటుకోవు. కురుపాం మార్కెట్‌లో బంగారం షాపుల వాళ్లనడిగి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్‌రే కిరణంతో లోహంలో ఏముందో చూసేది) ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి వెళ్లండి. గీటురాయి మీద మాత్రం రుద్దనివ్వకండి, పాళీ పాడవుతుంది. 14 క్యారెట్ అంటే బంగారం సుమారు 58.5 శాతం రావాలి. నికెల్, ఇనుము గట్టిగా కనిపిస్తే అది బంగారు పూత మాత్రమే. 51లో పాళీ కొస మాత్రమే బయటికుంటుంది, అక్కడ గట్టి లోహపు బొట్టు ఉంటుంది. కిరణం దాని మీద పడితే లెక్క తప్పుతుంది. పాళీని కప్పే హుడ్‌ను లక్కతో అతికిస్తారు కాబట్టి బలవంతంగా తిప్పితే పగులుతుంది. విప్పడం వచ్చినవాళ్లకే ఇవ్వండి.

ఇంకో మాట. 51 స్పెషల్ అనే చౌక రకానికి స్టీలు పాళీయే అసలుది. అది నకిలీ కాదు, అయితే 14 క్యారెట్ ధర పెట్టకూడదు.

ఎంవీపీ_పాళీ:
థాంక్సండీ. అమ్మేవాళ్లను ఇంకేం అడగమంటారు?

సిరాబుడ్డి:
క్యాప్ అంచు, హుడ్ మీద పగుళ్లు తెలిసేలా ఫోటోలు. పాళీ రెండు మొనలు సమానంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఎదురుగా తీసినది ఒకటి. నీళ్లు పీల్చి వదిలే వీడియో కూడా. పట్టీని ఐదారుసార్లు నొక్కితే బుడగలు రావాలి. రాకపోతే తొడుగు లోపలి సిరా సంచి చిరిగిందో, లోపల సిరా గడ్డకట్టిందో. అవి పంపడానికి వెనకాడితే డబ్బు కట్టకండి. పార్సిల్ వస్తే సీల్ తీయకముందే వీడియో మొదలుపెట్టండి.