ఫోక్ అంటే జానపదమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను వింటున్న ఫోక్, బ్లూస్, జాజ్, రూట్స్ ఆల్బమ్‌లకు తెలుగులో చిన్న చిన్న పరిచయాలు రాస్తున్నాను. గొంతు గురించి, వాయిద్యం గురించి రాయడం కష్టంగా లేదు, ఈ నాలుగు పేర్ల దగ్గరే ఆగిపోతున్నాను. ఫోక్‌కి ‘జానపదం’ అని రాస్తే ఒక స్నేహితురాలు చదివి, “నగరంలో క్లబ్బులో కూర్చుని, గిటార్ వాయిస్తూ, తనే రాసుకున్న పాట పాడుతున్నాడు కదా, ఇది జానపదం ఎలా అవుతుంది?” అంది. బ్లూస్‌కి ‘విషాద గీతాలు’ అని పెట్టాను, అది నాకే నచ్చలేదు. రూట్స్‌కి ‘మూల సంగీతం’ తప్ప ఏదీ తోచలేదు. మీరేమంటారు?

జవాబు:
మీ స్నేహితురాలి అనుమానం సబబే. జనపదం అంటే జనం ఉండే సీమ, పల్లెపట్టు. అక్కడిది జానపదం. ఎవరు కట్టారో తెలియకుండా నోటి నుంచి నోటికి వచ్చిన పాట అని దానికి మన మనసుల్లో ముద్ర పడిపోయింది. 1846లో ఇంగ్లండు రచయిత విలియం థామ్స్ ఇంగ్లీషులో ‘ఫోక్‌లోర్’ అనే మాట తయారుచేసినప్పుడు ఆయన మనసులో ఉన్నదీ దాదాపు ఇదే. అక్కడిదాకా రెండు మాటలూ పక్కపక్కనే నడిచాయి.

వాటిని విడదీసింది రికార్డుల వ్యాపారం. 1940లలో అమెరికాలో సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ ‘ఫోక్’ పేరుతో వేసిన జనాదరణ జాబితాల్లో కనిపించేవి చాలావరకు ఇవాళ మనం కంట్రీ అనే పాటలు, అంటే అమెరికా దక్షిణాది పల్లెల నుంచి వచ్చినవి. నల్లజాతి శ్రోతలకు అమ్మడానికి తెచ్చినవి ‘రేస్ రికార్డ్స్’. 1949 జూన్‌లో ఆ పత్రిక రెండు పేర్లూ మార్చేసింది. ఫోక్ కాస్తా ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అయింది, రేస్ కాస్తా ‘రిథమ్ అండ్ బ్లూస్’ అయింది. పాడేవాళ్ళు వాళ్ళే, పాటలూ అవే, జాబితా మీద పేరే వేరు. 1960లు వచ్చేసరికి గిటార్‌తో సొంత పాటలు పాడుకునేవాళ్ళు కూడా ఫోక్ కిందికి చేరారు. కాబట్టి ఆ మాట ఎక్కడ కనిపించినా ముందు ఏ సంవత్సరం నాటిదో చూడాలి.

కర్త తెలియని పాత పాటైతే నిస్సంకోచంగా జానపద గీతం అనండి. ఆల్బమ్ తరహా చెప్పాల్సి వస్తే ఫోక్ అనే రాయండి.

ఇంకొకరు:
అన్నీ అలాగే ఉంచేస్తే ఇక తెలుగులో రాయడం దేనికండీ?

మొదట జవాబిచ్చినవారు:
పేరు ఉంచమన్నాను, వర్ణన కాదు. దాశరథి, సినారె తెలుగులో గజళ్ళు రాశారు, గజల్‌కి మాత్రం వేరే పేరు పెట్టలేదు. తెలుగు ఎలాగూ చేయాల్సిన పని ఇంకోటి ఉంది. బ్లూస్‌నే తీసుకోండి. దిగులు అనే అర్థంలో ‘బ్లూ డెవిల్స్’ అని ఇంగ్లీషులో పాత పలుకుబడి ఒకటి ఉంది, ఆ పేరు అటువైపు నుంచే వచ్చిందంటారు. అంతమాత్రాన ‘విషాద గీతాలు’ అంటే సగం బ్లూస్ బయట ఉండిపోతుంది. అందులో వెక్కిరింతలున్నాయి, గొప్పలున్నాయి, ద్వంద్వార్థాలున్నాయి, నాట్యానికి పనికొచ్చేవి బోలెడున్నాయి. తెలుగులో చెప్పాల్సింది దాని కట్టుబడి. మామూలుగా 12 బార్ల వరస (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది). ఒక పాదం పాడతారు, అదే పాదం మళ్ళీ పాడతారు, మూడో పాదంలో విషయం తేలుస్తారు. రెండోసారి వినేటప్పుడు మూడోది ఏమొస్తుందోనని చెవి ఎదురుచూస్తుంది. ‘బ్లూ నోట్’ అనే స్వరం మన సంగీతంలోని సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగుతుంది. పియానో మీద ఆ చోట మెట్టే లేదు. గమకం ఎరిగిన తెలుగువాళ్ళకు ఈ ఒక్క వాక్యం ‘విషాదం’ కన్నా ఎక్కువ చెబుతుంది.

మరొకరు:
వ్యాకరణం సంగతి కూడా తేల్చండి. బ్లూస్ ఏకవచనమా, బహువచనమా? “బ్లూస్ వినిపించాయి” అని రాసినవాళ్ళను చూశాను.

జవాబు:
‘న్యూస్ వచ్చింది’ అంటాం కదా, అలాగే ‘బ్లూస్ వినిపించింది’. చివర ‘స్’ ఉన్నంత మాత్రాన బహువచనం చేయక్కర్లేదు.

జాజ్ గురించి ఒక ముక్క. ఇది సంగీతంలో పుట్టిన మాట కాదు. 1912లో లాస్ ఏంజెలెస్ పత్రికలో ఒక బేస్‌బాల్ ఆటగాడు తాను విసిరే బంతికి ఈ పేరు పెట్టినట్టు అచ్చయింది. సంగీతానికి అంటుకున్నది తర్వాత, షికాగోలో. 1917లో వచ్చిన తొలి జాజ్ రికార్డు మీద బృందం పేరులో అది ‘జాస్’. అనువదించడానికి అందులో అర్థమే లేదు, ఆ గొడవ తప్పింది! పైగా జాడ, జాలి అనేటప్పుడు మనం పలికే దంత్య జకారం ఆ ఇంగ్లీషు మాట చివరి ధ్వనికి చాలా దగ్గర. రాతలో ‘జాజ్’ చాలు.

ఇంకొకరు:
రూట్స్‌ని వదిలేశారు. ‘మూల సంగీతం’ నాకు బాగానే ఉంది.

జవాబు:
మూలం అనగానే అనువాదానికి మూలం గుర్తొస్తుంది. సినిమా పాటకు అసలు ట్యూన్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. పోనీ అచ్చ తెలుగులో ‘వేళ్ళ సంగీతం’ అందామా? వేరుకూ వేలుకూ బహువచనం ఒకటే, గిటార్‌ని వేళ్ళతో మీటేవాళ్ళ సంగీతం అనుకుంటారు. (చాలా ఆల్బమ్‌ల విషయంలో అది నిజమే అనుకోండి.) అసలు రూట్స్ అనేది ఒక తరహా కూడా కాదు. బ్లూస్, గాస్పెల్ (అమెరికా చర్చి పాటలు), పాత కంట్రీ, ఫోక్, అన్నిటినీ కలిపి తర్వాతి కాలం వాళ్ళు కట్టిన మూట. అందులోంచి మీరు వింటున్నది ఏదో దాని పేరే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇన్ని గదుల మధ్య వినేవాళ్ళు ఎలా తిరగాలి? పాఠకులు నన్ను అడిగేది ఇదే. బ్లూస్ నచ్చింది, తర్వాత ఏం వినాలి అని.

జవాబు:
తరహా పేరు పట్టుకుని కాదు, మనిషి పేరు పట్టుకుని వెళ్ళమనండి. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1925లో పాడిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ వింటే, ఆమె పాదం ముగించిన ప్రతిచోటా కార్నెట్‌తో (ట్రంపెట్ లాంటి వాయిద్యం) బదులిచ్చేది జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. బ్లూస్ గదిలో కూర్చునే జాజ్‌లోకి వచ్చేశారు. అదే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని వెతుక్కుంటూ పోతే 1930లో జిమ్మీ రోజర్స్ పాడిన ‘బ్లూ యోడెల్ నంబర్ 9’ తగులుతుంది. రోజర్స్‌ది కంట్రీ, వెనక ట్రంపెట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, పియానో లిల్ హార్డిన్‌ది. 1994 నాటి ‘టాకింగ్ టింబక్టూ’లో మాలీ దేశపు అలీ ఫార్కా టూరే, అమెరికా నుంచి రై కూడర్ కలిసి వాయించారు. అది విన్నాక ‘బ్లూస్ అమెరికాది’ అని ఒక్క ముక్కలో తేల్చడానికి చెయ్యి రాదు.

పాత రికార్డులకు, వాటిని సేకరించిన హ్యారీ స్మిత్ కూర్చిన సంకలనం ఉంది, 1952లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ తెచ్చింది. 1920ల చివర, 1930ల మొదట్లో మార్కెట్‌లో అమ్మిన 84 రికార్డులు. ఆయన వాటిని బ్యాలడ్లు (కథ చెప్పే పాటలు), సామాజిక సంగీతం, పాటలు అని మూడు భాగాలు చేశాడు. పాడింది నల్లవాళ్ళా, తెల్లవాళ్ళా అని కావాలనే చెప్పలేదు. దాంతో నల్లజాతి గాయకుడు మిసిసిపీ జాన్ హర్ట్‌ని కొండప్రాంతపు తెల్లవాడనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ హర్ట్ 1928లో రికార్డులిచ్చి మళ్ళీ వినపడకుండా పోయాడు. ‘అవలాన్ బ్లూస్’లో మా ఊరు అవలాన్ అని పాడాడు కదా అని, 1963లో ఒక అభిమాని ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తే మనిషి అక్కడే ఉన్నాడు. పాటలోని మాటను ఇంత శ్రద్ధగా విన్న శ్రోతకు మన గుంపులో సభ్యత్వం ఇవ్వాల్సిందే.

మరొకరు:
‘ఆల్బమ్’ మాట మీద కూడా కాస్త జాగ్రత్త. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్ల కాలంలో ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పట్టేది. అలాంటి ప్లేట్లు కొన్నిటిని ఫొటోల పుస్తకం లాంటి అట్టల్లో పెట్టి అమ్మేవారు, ఆల్బమ్ అన్నది దాన్నే. 1948లో కొలంబియా కంపెనీ ఎక్కువసేపు మోగే లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక పుస్తకం పోయింది, పేరు మిగిలింది. అందుకే బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ గురించి ‘రాబర్ట్ జాన్సన్ చేసిన ఆల్బమ్’ అని రాయకండి. ఆయన 1936, 1937లలో 29 పాటలు రికార్డు చేసి 1938లో చనిపోయాడు. మొదటి ఆల్బమ్ వచ్చింది 1961లో. ‘ఆయన పాటల సంకలనం’ అంటే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. జాన్సన్ పరిచయంలో సరిగ్గా ‘ఆల్బమ్ చేశాడు’ అనే ఉంది, ఇప్పుడే మారుస్తున్నాను. ‘విషాద గీతాలు’ కూడా తీసేసి మూడు పాదాల వరస గురించి రాస్తాను. తర్వాత రాయబోయేది గాస్పెల్ మీద. ‘సువార్త గీతాలు’ అనవచ్చా?

జవాబు:
సువార్త అంటే మన పాఠకులకు మత్తయి, మార్కు, లూకా, యోహాను గుర్తొస్తారు, లేదా సువార్త సభ. గాస్పెల్ అనే రాసి, ఒకరు అందుకుంటే బృందమంతా బదులు పలికే పద్ధతి గురించి రెండు వాక్యాలు చెప్పండి.