కింది దవడలో చివరి రెండు పళ్లు పోయాయి, ఏం పెట్టించుకోవాలి?

ఒకవైపు నమిలేవాడు: ఎడమవైపు కింద చివరి రెండు దవడ పళ్లు తీయించుకుని ఎనిమిది నెలలైంది. జ్ఞానదంతం ఎప్పుడో పోయింది. ఒక డాక్టరు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే లోహపు వేర్లు, వాటిపై పళ్లు పెడతారు) వేయించుకోమంటున్నారు, మరొకరు తీసి పెట్టుకునే సెట్ చాలంటున్నారు. పక్క పళ్లకు క్యాపులు తొడిగి, వాటి ఆధారంతో కట్టుడు పన్ను నిలిపే బ్రిడ్జి మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎందుకంటారు?

పాత బ్రిడ్జి: బ్రిడ్జి నిలబడాలంటే ఖాళీకి అటూ ఇటూ పళ్లుండాలండీ. మీకు వెనక ఏముంది? నాకు మధ్యలో ఒక్కటే పోయింది కనుక పక్క పళ్లు రెండూ అరగదీసి పెట్టారు. పదకొండేళ్లు హాయిగా నమిలాను. ఆపైన క్యాపు కింద పన్ను పుచ్చింది. దానికి ముందే రూట్ కెనాల్ చేసి లోపలి నరం తీసేసి ఉండటంతో నొప్పే తెలియలేదు. బ్రిడ్జి కింద రోజూ దారం దూర్చి శుభ్రం చేయమన్నారు, చేయలేదు. తప్పు నాదే.

గ్లాసులో పళ్లు: నాకూ మీలాగే వెనక ఆధారం లేదు. సెట్ పెట్టుకుని నమిలితే వెనక భాగం చిగురులోకి దిగి, ఊగుతుంది. పన్ను లేనిచోట ఎముక కరుగుతూ ఉంటుంది కదా, రెండేళ్లకే వదులైంది. లోపలి అడుగు మళ్లీ సరిచేయించాను. అయినా నోట్లోకన్నా నీళ్ల గ్లాసులోనే ఎక్కువసేపు ఉంటోంది.

టైటానియం: నాకు కింద ఒక ఇంప్లాంట్ ఉంది. అక్కడ ఎముక లోపలి నుంచి నరం వెళ్తుంది, దానికి పైన ఎంత ఎముక మిగిలిందో త్రీడీ స్కాన్‌లో చూడాలి. స్కాన్ లేకుండానే తేదీ ఇస్తామన్న చోటి నుంచి లేచి వచ్చేశాను. ఎముక పట్టుకోవడానికి మూడు నెలలు ఆగి క్యాపు పెట్టారు. సిగరెట్లు, అదుపులో లేని షుగర్ ఉంటే డాక్టరుకు దాచకండి. ఇంకొకటి, సొంత పన్నుకు ఇసుక రేణువు తగిలినా తెలుస్తుంది, దీనికి అంతగా తెలియదు. మొదట్లో గట్టిగా కొరికి, పైపన్ను క్యాపు పగలగొట్టుకున్నాను!

ఖాళీయే మేలు: ఏమీ పెట్టించుకోకపోవడమూ ఒక దారే. నాకు చిట్టచివరిది ఒక్కటే పోయింది, ముందున్నవాటితో బాగానే నములుతున్నాను. కానీ కింద అడ్డు లేకపోతే పైపన్ను దిగుతూ వస్తుంది. అందుకే అప్పుడప్పుడూ చూపించుకుంటాను. మీవి రెండు కాబట్టి నా లెక్క మీకు సరిపోకపోవచ్చు.

ఒకవైపు నమిలేవాడు: మీ మాట చదివి అద్దంలో చూసుకున్నాను. పైపన్ను ఒకటి పక్కదానికన్నా కిందికి ఉంది! సోమవారం స్కాన్‌కు వెళ్తున్నాను. షుగర్ పరీక్ష కూడా చేయించుకుంటాను, రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను.