సాధన ముందే చూడటం చదువా, కాపీయా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
బిజినెస్, ఫైనాన్స్ పరిచయ పాఠాల లెక్కలకు నేను ముందు సాధన (లెక్కను అంచెలంచెలుగా చేసి చూపిన పరిష్కారం) చదివి, తరువాత పుస్తకం మూసి రాస్తాను. ఇది కాపీ కొట్టడమేనని స్నేహితుడు వాదిస్తున్నాడు. మీరేమంటారు?

మొదటి సమాధానం:
కాపీ కాదు. కొత్త విద్యార్థికి పదజాలం, సూత్రం, అంకెలు ఒకేసారి మీద పడతాయి కనుక, దారి తెలియకుండా వెతకడంలోనే బుర్ర అలసిపోతుంది. జాన్ స్వెల్లర్, గ్రహమ్ కూపర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన బీజగణిత ప్రయోగాల్లో, చేసి చూపిన ఉదాహరణలను చదివినవారు అదే తరహా లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేయగలిగారు.

రెండవ సమాధానం:
‘అదే తరహా’ అన్నచోటే నా అభ్యంతరం. స్థిర వ్యయం (ఎన్ని అమ్మినా మారని ఖర్చు) 60,000, ఒక్కో వస్తువు ధర 50, చర వ్యయం (ఒక్కో వస్తువుకూ విడిగా అయ్యే ఖర్చు) 30 అయినప్పుడు ఎన్ని అమ్మితే లాభనష్టాలు ఉండవన్న లెక్కను తీసుకోండి. నేను చదువుకునే రోజుల్లో 60,000ను 50తో భాగించి 1,200 అని ధీమాగా రాశాను. 1,200 వస్తువులు అమ్మి చూద్దామనుకుని వేసుకుంటే రాబడి 60,000, మొత్తం ఖర్చు 96,000 వచ్చింది. అంటే 36,000 నష్టం. అప్పుడుగానీ, ఒక్కో వస్తువు మీద స్థిర వ్యయానికి మిగిలేది 20 మాత్రమేనని, అమ్మవలసినవి 3,000 అని అర్థం కాలేదు. సాధన ముందే చూసి ఉంటే ‘ధరలోంచి చర వ్యయం తీసెయ్యాలి’ అని బట్టీ పట్టేవాణ్ణి. ఎందుకు తీసెయ్యాలో తెలిసేది కాదు.

మూడవ సమాధానం:
ఇద్దరూ సాధన ఒక్కటే ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు. ధర 10 నుంచి 12కు పెరిగితే డిమాండు 100 నుంచి 80కి తగ్గిందనుకుందాం. వ్యాకోచత్వం అంటే ధర మారిన శాతానికి డిమాండు ఎన్ని రెట్ల శాతం మారిందన్నది. మార్పు శాతాలను మొదటి అంకెల ఆధారంగా లెక్కిస్తే అది 1, పాత, కొత్త అంకెల సగటు ఆధారంగా లెక్కించే మధ్యబిందువు పద్ధతిలో సుమారు 1.22 (రుణ గుర్తును పక్కన పెడుతున్నాను). పుస్తకం చివర 1.22 అని అంకె మాత్రమే కనిపిస్తే, సరిగ్గా చేసిన విద్యార్థి కూడా తన పనిని కొట్టేసుకుంటాడు. జవాబు వేరు, సాధన వేరు.

సామాజిక శాస్త్రంలో సంగతి ఇంకా చిక్కు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పీజీ ప్రవేశాల్లో 1973లో దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతం, స్త్రీలలో సుమారు 35 శాతం ఎంపికయ్యారు. పైకి ఇది స్త్రీల పట్ల వివక్షలా అనిపిస్తుంది. కానీ విభాగాల వారీగా చూస్తే అలాంటి వివక్ష కనబడలేదు. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకే స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. ఈ లెక్కలో భాగహారం ఎవరైనా చేస్తారు, ఏ పట్టికను అడగాలో తోచడమే అసలు పని. సాధన ముందే చదివితే ఆ పని మీకు మిగలదు. అందుచేత సూత్రం కొత్తదైతే ముందు చూడండి, ప్రశ్నే అస్పష్టంగా ఉంటే చూడకండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
రెండవ సమాధానంలోని లెక్కనే కొంచెం మార్చి, 10,000 లాభం కావాలంటే ఎన్ని అమ్మాలని వేసుకున్నాను. పుస్తకం తెరవకుండానే 3,500 వచ్చింది. తిరిగి సరిచూస్తే రాబడి 1,75,000, ఖర్చు 1,65,000. వ్యాకోచత్వం లెక్కకు మాత్రం నాకు ఇంకా ముందుగా సాధన కావలసిందే.