గద్దీ కాపరుల వాయిస్ మెసేజ్‌లు: రికార్డు చేసిన సమయం పోకుండా కాపీ చేయడం ఎలా?

హిమాచల్ ప్రదేశ్‌లో గొర్రెలు, మేకలతో ఎండాకాలం ధౌలాధర్ కనుమలు దాటి లాహుల్ మేతభూములకు వెళ్లే గద్దీ కాపరులపై అధ్యయనం ఇది. కొంత దారి వెంట నడిచి చేతిరాత డైరీ రాశాం. మిగతాదంతా గుంటూరు నుంచే, వాట్సాప్ గ్రూపు ద్వారా. ఇప్పుడు రెండింటినీ ఒకే కాలక్రమంలో పేర్చాలి.

కనుమ పైన సిగ్నల్ ఉండదు. అక్కడ చెప్పిన మాట మంద కిందికి దిగాక, మూడు నాలుగు రోజులకు వస్తుంది. మా ఫోన్లో ఆ ఆలస్యపు సమయమే పడుతుంది.

మాట మొదట్లో తేదీ చెప్పమన్నాం. మజిలీ పేరు చెబుతారు గానీ తేదీ చెప్పరు (అదీ విలువైనదే, కానీ గంట తేలదు). కోబోకలెక్ట్ (ఫోన్లో సర్వే ఫారాలు నింపే యాప్) నెట్ లేకున్నా సమయం రాసుకుంటుంది, అయితే ఒకరికొకరు బదులిచ్చుకునే సంభాషణ అందులో ఉండదు. మాకు అసలు కావలసింది అదే.

చివరికి వాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాయిస్ నోట్స్ ఫోల్డర్‌ను కేబుల్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లోకి లాగాం. ఫైలు పేరులో తేదీ, వరస సంఖ్య ఉన్నాయి, గంట లేదు. ఫోన్లో ఫైలు వివరాలు తెరిస్తే గంట, నిమిషం కనిపించాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం కాపీ చేసిన సమయం పడింది.

ఇంకా మూడు ఫోన్లు మిగిలాయి. ఒక్కోటి ఒక పూటే చేతికొస్తుంది, డెవలపర్ సెట్టింగులు ముట్టుకోవడానికి వాళ్లు ఒప్పుకోరు. ఆ సెట్టింగుల జోలికి పోకుండా, ఫైళ్ల అసలు సమయం చెడకుండా కాపీ చేసే పద్ధతి ఏది?